తెరిచి ఉన్నప్పటి ఫొటో

ఇంట్లో ఆమె పేరు దిద్దుడమ్మ. పెట్టింది వదిన. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన రోజుల అలవాటు, ఆ ఉద్యోగం పోయినా ఆమెను వదల్లేదు. మందు సీసా మీది కాగితం చదివినా, కరెంటు బిల్లు చేతికొచ్చినా, కలం కోసం చెయ్యి తడుముకుంటుంది. వెన్నుకు దెబ్బ తగిలి కాళ్ళు పడిపోయాక ఆ అలవాటే మళ్ళీ అన్నం పెట్టింది.

పని ఇంటి నుంచే. నడవలేనివాళ్ళు ఎక్కడికైనా బయల్దేరే ముందు చూసుకోవడానికి ఒక సంస్థ ఫోనులో సమాచారం పెడుతుంది. ఏ ఆసుపత్రికి ర్యాంపు ఉంది, ఏ బ్యాంకు తలుపులోంచి చక్రాల కుర్చీ పడుతుంది, ఏ లిఫ్టు దగ్గరికి వెళ్ళాలంటే ముందు మెట్లెక్కాలి, ఇలాంటివి. కార్యకర్తలు ఫొటోలు పంపుతారు. కృత్రిమ మేధ, అదే ఏఐ, వాటిని చూసి వాక్యాలు రాస్తుంది. ఫొటోతో సరిచూసి 'సరే' నొక్కడం దిద్దుడమ్మ పని.

మొదట్లో దానితో ఆమెకు పడేది కాదు.

"ఆహ్లాదకరమైన ప్రవేశద్వారమట వదినా! ఎంత వెడల్పో చెప్పవే అంటే అందం వర్ణిస్తోంది."

"కొత్త కదా, దాన్నలా రాచిరంపాన పెట్టకు. నేనీ ఇంటికొచ్చిన కొత్తలో నా సరుకుల చీటీలో కూడా తప్పులు దిద్దావు నువ్వు."

ఆమె దిద్దగా దిద్దగా ఏఐ వర్ణనలు మానేసింది. ఇద్దరికీ జత కుదిరింది.

ఊరందరికీ దారులు చెప్పే మనిషి తను మాత్రం గడప దాటేది తక్కువ. కారణం ఒక్కటే, ఎత్తడం. మెట్టు కనిపిస్తే చాలు, ఎవరో ఒకరు "ఓ చెయ్యి వెయ్యండి" అంటూ వచ్చేస్తారు. వాళ్ళ దయ నిజమైనదే. ఇంట్లో అన్నయ్య ఎత్తితే ఏమీ అనిపించదు. ముక్కూమొహం తెలియనివాళ్ళు అడక్కుండా చంకల్లో చేతులు పెట్టి లేపినప్పుడు మాత్రం, మనిషి కాస్తా సామానైపోయినట్టు ప్రాణం చివుక్కుమంటుంది. ఆ మాట పైకి అంటే పొగరనుకుంటారని ఎవరితోనూ అనలేదు.

సంస్థకొచ్చే ఫిర్యాదుల ఫోను కూడా ఆమె దగ్గరే ఉంటుంది. ఒకరోజు అది మోగింది.

"అమ్మాయీ, కళ్ళజోళ్ళ షాపు గురించి రాసింది మీరేనా?"

ఆయన రిటైరైన డ్రాయింగు మాస్టారు. పక్షవాతం వచ్చినప్పటి నుంచీ కుర్చీలోనే ఉన్నారు. 'ర్యాంపు ఉంది, దారి ఖాళీగా ఉంది' అని చదివి, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్ళారట.

"ర్యాంపు ఉందమ్మా, అబద్ధం లేదు. దానిమీదే బోర్డు, అట్టపెట్టెలు పెట్టుకున్నారు. మంచివాళ్ళే. నలుగురూ కలిసి కుర్చీతో సహా నన్ను గాల్లోకి లేపేశారు. ఫ్రేములు చూడ్డానికి నేను వెళ్తే, షాపంతా నన్నే చూసింది."

ఆయన నవ్వారు. ఆమెకు నవ్వు రాలేదు.

"కళ్ళజోడు తీసుకున్నారా మాస్టారూ?"

"లేదమ్మా, వచ్చేశాను. మళ్ళీ వెళ్ళడానికి మనసొప్పట్లేదు. తిట్టడానికి చెయ్యలేదులే. మీ మాట నమ్మి వెళ్ళేవాళ్ళు ఇంకా ఉంటారు కదా, అందుకని."

ఫోను పెట్టేసి ఆ ఫొటో తెరిచింది. ర్యాంపు మీద పుల్లముక్క లేదు. ఏఐ ఉన్నదున్నట్టే రాసింది, తనూ ఉన్నదున్నట్టే ఒప్పుకుంది. మరి తప్పెక్కడ? ఫొటో పెద్దది చేసి చూసింది. అద్దాల తలుపుకు తాళం వేలాడుతోంది. ఇంకో షాపు ఫొటో తీసింది, తాళం. బ్యాంకు, తాళం. ఫొటోల్లో మనుషుల మొహాలు పడకూడదన్నది సంస్థ నియమం. అందుకని కార్యకర్తలంతా పొద్దున్నే, ఎవరూ తెరవకముందే తీసి పంపేవారు. నియమం ఆమెకు తెలియనిది కాదు. అక్షరాలు దిద్దుతూ కూర్చుంది గానీ ఆ సంగతి తట్టలేదు. పాపం, ఏఐకి తెలిసిందల్లా మూసేసిన ఊరు.

"వదినా, రేపు కళ్ళజోళ్ళ షాపుకి వెళ్దాం."

"నీ చూపు బాగానే ఉందిగా?"

"ఉందనే అనుకున్నాను."

మర్నాడు బాగా జనం ఉన్న వేళ చూసుకుని వెళ్ళారు. మాస్టారు చెప్పినట్టే ర్యాంపు నిండా సామాను. షాపు యజమాని గబగబా బయటికొచ్చాడు.

"రండమ్మా, రండి. ఒరేయ్, ఇలా రండ్రా, అమ్మగారిని పైకి..."

"వద్దండీ."

"మొహమాటపడకండమ్మా. మీ బరువెంతని?"

"నన్నెత్తే బదులు ఆ పెట్టెలు ఎత్తండి. అవింకా తేలిక."

"లోపల చోటు సర్దాలమ్మా, ఆలస్యమవుతుంది."

"అవనివ్వండి. ఆగుతాను."

దారినపోయేవాళ్ళు మూగారు. "అయ్యో, ఎండలో నిలబెట్టేశారే!" అన్నాడొకాయన.

"ఆవిడ కూర్చునే ఉందండీ," అంది వదిన. "నిలబడింది మీరు. కాస్త జరగండి, గాలొస్తుంది."

దిద్దుడమ్మ చక్రాలు గట్టిగా పట్టుకుంది. సరేలెండి, ఎత్తండి అనేస్తే క్షణంలో అయిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"వదినా, నా వెనక నుంచి ఫొటో తియ్యి. ఎవరి మొహమూ పడకుండా."

పెట్టెలు ఒక్కొక్కటే లోపలికి వెళ్ళాయి. దారి తేలాక, తన చేతులతోనే చక్రాలు తోసుకుంటూ, ఆయాసపడుతూ పైకి వెళ్ళింది.

"ఇకమీదట అక్కడ పెట్టం లెండమ్మా," అన్నాడు యజమాని.

"రేపు కూడానా?"

ఆయన తల గోక్కున్నాడు.

ఇంటికొచ్చి కొత్త ఫొటో ఏఐకి ఇచ్చింది. 'షాపు తెరిచి ఉంది. ర్యాంపు మీద బోర్డు, అట్టపెట్టెలు ఉన్నాయి. కింద చక్రాల కుర్చీలో ఒక స్త్రీ ఆగి ఉన్నారు' అని రాసింది. దిద్దడానికేమీ దొరకలేదు. 'అడిగితే తీస్తారు' అని మాత్రం చేర్చింది.

తర్వాత సంస్థకు ఫోను చేసింది. తలుపుకు తాళం కనిపిస్తే, అది మూసి ఉన్నప్పటి ఫొటో అనీ, తెరిచాక దారి ఎలా ఉంటుందో తెలియదనీ ఏఐ చేత రాయించమంది.

"అలా రాస్తే సమాచారం అసంపూర్ణంగా కనిపిస్తుందేమోనండీ," అన్నారు వాళ్ళు.

"అసంపూర్ణమే కదండీ."

చివరికి మాస్టారికి చేసింది.

"ఇవాళ నేనూ వెళ్ళాను మాస్టారూ."

"ఎత్తారా?"

"లేదు. తీసేదాకా ఆగాను."

"ఆ షాపు ఎన్నింటికి తెరుస్తారమ్మా?" అన్నారాయన.