జమ్ములమ్మ మౌనం

2005లో నేను గద్వాల నుంచి ధరూర్ పోయే దారిలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. బీఎస్సీ చదివి, ఆపైన డిప్లొమా చేసి, చివరికి ఊళ్లోవాళ్ల తెమడ చూసే ఉద్యోగంలో స్థిరపడ్డాను. పెళ్లిచూపుల్లో ఈ సంగతి వివరంగా చెప్పొద్దని మా నాన్న ముందే అన్నాడు. చెప్పాను. ఆ సంబంధం కుదరలేదు. తరువాతి సంబంధంలో "దవాఖానలో పని" అన్నాను, కుదిరింది.

మా గదిలో ఎక్కువగా టీబీ పరీక్షలే. దగ్గితే ఛాతీలోంచి వచ్చే తెమడను మేము స్ఫుటం అంటాం. దాన్ని గాజు స్లైడ్ మీద పూసి, ఎర్ర రంగు పట్టించి, ఆసిడ్‌తో కడుగుతాం. అన్నిటి రంగూ పోతుంది, టీబీ క్రిములది పోదు. మైక్రోస్కోపులో నీలి నేల మీద ఎర్రటి సన్న పుల్లల్లా కనిపిస్తాయి.

ఆదివారాల్లో నాకు ఇంకో పని ఉండేది. మా చర్చిలో పాస్టరుగారి ప్రసంగానికి ముందు ఐదు నిమిషాలు నావి. రోజూ చూసే వాటిలోంచి విశ్వాసానికి పనికొచ్చే పాఠం ఒకటి చెప్పాలి. పంచరైన టైరు, పొంగిపోయిన పాలు, సమయానికి రాని బస్సు, దేన్నీ వదల్లేదు. ఆసిడ్‌తో కడిగినా పోని ఎరుపును పాపంతో పోల్చి చెప్పిన రోజు ఇద్దరు కన్నీళ్లు పెట్టుకున్నారు. అందులో ఒకరు మా అమ్మ.

ఆ వానాకాలం జమ్ములమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి, కృష్ణ ఒడ్డు పల్లె, కూలిపని. నోరు ఎప్పుడూ వక్కాకుతో ఎర్రగా ఉండేది. (పేర్లు మార్చాను.) నెల రోజులుగా దగ్గు అంది. వెంట ఒక సన్నటి అమ్మాయి, చంకలో రెండేళ్ల పిల్లవాడు.

"ఈమె ఎవరు పెద్దమ్మా?"

"నా కోడలు సారు, పద్మ. తోడొచ్చింది."

స్ఫుటం గదిలో తీయకూడదు, గాలి ఆడేచోట దగ్గి తీయాలి. డబ్బీ ఇచ్చి, గోడ వెనక్కి పంపాను. అత్తాకోడళ్లిద్దరూ వెళ్లారు. గోడ అవతల నుంచి దగ్గు వినబడింది. ఎవరి దగ్గో వినడానికి ప్రత్యేక చదువేమీ అక్కర్లేదు, కానీ నేను వినలేదు. స్లైడ్‌లో ఎర్ర పుల్లలు బోలెడు. జమ్ములమ్మ పేరు రిజిస్టర్‌లో ఎక్కింది.

టీబీ మందు అప్పట్లో డాట్స్ పద్ధతిలో ఇచ్చేవాళ్లం. మాత్రలు ఇంటికి ఇవ్వం. మొదటి రెండు నెలలు వారానికి మూడు రోజులు వచ్చి, మా కళ్ల ముందు మింగాలి. ఆరు నెలల మందూ ఒకే అట్టపెట్టెలో ఉంటుంది, పెట్టె మీద రోగి పేరు. ఇంకొకరికి అందులోంచి ఒక్క మాత్ర తీయకూడదు. దీని మీద కూడా ఒక ఆదివారం పాఠం చెప్పానని వేరే చెప్పక్కర్లేదు.

"పెద్దమ్మా, వీటిల ఒకటి ఎర్ర గొట్టం మాత్ర. దాంతోని మూత్రం ఎర్రగ వస్తది. రక్తం గాదు, పరేషాన్ కాకు."

"నాకేం పరేషాన్ సారు."

ఎంత చెప్పి పంపినా, మూడో రోజుకల్లా "సారూ, రక్తం పోతుంది" అని పరుగెత్తుకొచ్చేవాళ్లే అందరూ. జమ్ములమ్మ రాలేదు. ధైర్యవంతురాలు అనుకున్నాను.

సోమ, బుధ, శుక్రవారాలు తప్పేది కాదు. వస్తూనే మాటలు మొదలు. "ఆటోల పదిమందిని ఎక్కించిండు సారు. ఏ మోకాలు నాదో తెల్వలే. దిగినంక లెక్క చూసుకున్న, రెండే ఉన్నయ్." ఏడు మాత్రలు ఒకేసారి గొంతు దిగవని, ఒకటొకటిగా నోట్లో వేసుకుని నీళ్లు తాగేది. అంతటితో మాట ఆగిపోయేది. రెండు చేతులూ జోడించి, తల ఒకసారి వంచి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయేది.

మింగాక నోరు తెరిపించి చూడాలని శిక్షణలో చెప్పారు. మా అమ్మ వయసు మనిషిని నోరు తెరువు అనడం మర్యాద అనిపించలేదు. మర్యాద వల్ల జరిగే తప్పులకు రిజిస్టర్‌లో గడి లేదు.

ఆ మౌనం నన్ను బాగా కదిలించింది. నెల తిరక్కుండానే చర్చిలో చెప్పాను. పేరు చెప్పలేదు, అంతవరకు నన్ను మెచ్చుకోవాలి. "ఒక పల్లెటూరి తల్లి. అక్షరం రాదు. చేదు మందు నోట్లో పడగానే మాట మానేస్తుంది, ఎందుకని అడగదు, చేతులు జోడించి వెళ్తుంది. మనం దేవుడిచ్చిన చేదును ఇలా తీసుకుంటున్నామా?" ఆ రోజు నలుగురు ఏడ్చారు. మా అమ్మ వాళ్లలో లేదు, జ్వరంతో ఇంట్లో ఉంది.

ఆరో వారంలో ఒక శుక్రవారం బరువు చూడాల్సి వచ్చింది. మాత్రలు వేసుకుని వెళ్లబోతున్న మనిషిని ఆపి, తూకం మీద ఎక్కించాను.

"ఒక్క కిలో పెరగలే. ఇంట్ల తింటున్నవా లేదా?"

తల ఊపింది.

"తల ఊపుడు గాదు. నోరిప్పి చెప్పు."

మళ్లీ తల ఊపింది. పెదవి మూల నుంచి ఎర్రటి చార ఒకటి గడ్డం మీదికి జారింది. వక్కాకు మానమని బుధవారమే నేను కోప్పడితే, ఆ రోజు మానేసి వచ్చింది. అంటే ఇది రక్తం. టీబీలో రక్తం కక్కడమంటే ఆట కాదు. నేను కేక వేసి, ట్రే తెచ్చి, ఆమె తల వంచి పట్టుకున్నాను. ట్రేలో పడింది రక్తం కాదు. సగం కరిగిన ఎర్ర గొట్టం, దాని వెనక ఒకటొకటిగా ఆరు తెల్ల మాత్రలు.

ట్రేను బల్ల మీద పెట్టాను.

"ఎన్ని దినాల సంది?" అన్నాను.

"మొదటి దినం సంది."

"ఎవరికి?"

ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. కొంగు చివర పాత ఎర్ర మరకలు ఇంకా ఉన్నాయి. అవీ వక్కాకే అనుకున్నాను ఇన్నాళ్లూ. "కోడలికి సారు. నాకేం రోగం లేదు. డబ్బీల పడ్డ గళ్ల గూడ దానిదే."

గేటు దాటగానే కొంగులో ఉమ్మి, మూట కట్టి, ఇంటికి తీసుకెళ్లి పద్మతో మింగించేదట.

"రోగం ఆమెకుంటే ఆమెనే తోల్కరావొచ్చు గద! ఇదేం పని పెద్దమ్మా?"

"దీని మొగడు, నా చిన్నోడు, పుణె దిక్కు మట్టి పనికి పోయిండు. ఇంట్ల పెద్దోని మాటనే నడుస్తది. దీనికి టీబీ అని తెలిస్తే తెల్లారి పుట్టింటికి తోలుతడు, పోరన్ని ఇయ్యడు. ముందల గట్లనే అయింది. నా తోటికోడలికి గిదే రోగమొస్తే బండెక్కించి పంపిండ్రు. పిల్ల ఏడుస్తుంటే పట్టుకున్నది నేనే. ఆమె మళ్ల రాలే, సచ్చిపోయింది. ఆ పొద్దు నేను నోరు తెరవలే సారు."

ఆరు వారాలుగా ఆమె నోరు తెరవకపోవడం మీద నాకొక అభిప్రాయం ఉండేది. నలుగురిని ఏడిపించిన అభిప్రాయం.

"మరి ఊర్ల నిన్నేం అంటలేరా?"

"నన్నేం అంటరు! నా గిలాస వేరే పెట్టిండ్రు. మంచం కొట్టంల ఏసిండ్రు. కలుపుకు పిలుస్తలేరు. ముసల్దాన్ని, నన్ను ఏ పుట్టింటికి తోలుతరు? ఉంటే గద." ఇది చెప్పి నవ్వింది.

రోగం పద్మది. నింద, కొంత ఆకలి, కొట్టంలో మంచం జమ్ములమ్మవి. ఆమె మందు మింగుతోందని నేను నమ్మినంత కాలం ఆమె మింగింది ఇది.

కానీ ఇలా సాగనివ్వడానికి లేదు. నోట్లో నాని, కొంగులో ఎండిన మాత్రలో ఎంత మందు మిగులుతుందో ఎవరికీ తెలియదు. సగం మందుతో టీబీ చావదు, మొండిదవుతుంది. పైగా అదే ఇంట్లో, ఆ తల్లి ఒడిలోనే రెండేళ్ల పిల్లవాడు ఉన్నాడు. మా కేంద్రం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె ఈ మాట చెప్పాకే జమ్ములమ్మ మెత్తబడింది.

"పోరనికి గూడ వస్తదా అమ్మా?"

"రావొచ్చు. చూడాలె. మందిస్తే రాకుండ ఆపొచ్చు. నువ్ దాస్తే ఆపలేం."

"అయితే తీస్కొస్త. కానీ ఊర్ల మాత్రం రోగం నాదే అనాలె."

డాక్టరమ్మ నా వైపు చూసింది. రోగి వివరాలు ఊళ్లో చెప్పకూడదనేది నిబంధనే. ఒక్కోసారి నిబంధనలు మనుషులకు కూడా పనికొస్తాయి. పద్మకు మళ్లీ పరీక్ష చేసి, కొత్త పెట్టె తెప్పించి, దాని మీద ఆమె పేరు రాశాం. రిజిస్టర్‌లో తప్పును ఎర్ర ఇంకుతో దిద్ది, నా సంతకం పెట్టాను. పిల్లవాడికి ముందుజాగ్రత్త మాత్రలు మొదలుపెట్టాం. ఊళ్లో చెప్పుకోవడానికి మాట సిద్ధంగానే ఉంది: ముసలామెకు నీరసం, ఒంటరిగా పోలేదు, కోడలు తోడొస్తోంది. ఈసారి పద్మను వచ్చిన ప్రతి రోజూ నోరు తెరవమన్నాను. మర్యాద గోడకు తగిలించాను.

ఆ ఆదివారం చర్చిలో నిలబడి, ఇంతకు ముందు చెప్పిన పాఠం తప్పు అన్నాను.

"ఏం తప్పు?" అన్నారు పాస్టరుగారు.

"ఆమెది విధేయత కాదయ్యగారూ. నోట్లో మాత్రలున్నయ్."

ఎవరూ నవ్వలేదు. ఆయన, "దాని ఎనక ఏదో ఉంది. చెప్పు," అన్నారు.

"చెప్పనీకె లేదయ్యగారూ. మాటిచ్చిన." కూర్చున్నాను. అన్నేళ్లలో నా దగ్గర నిజమైన పాఠం ఒకటి ఉన్నది ఆ రోజే, చెప్పే వీల్లేనిదీ అదే. మన స్థానంలో ప్రభువు నిలబడ్డాడని చిన్నప్పటి నుంచి వింటున్నాను, చెబుతున్నాను కూడా. ఆ మాటకు రోజువారీ ఖరీదు ఉంటుందని, వేరే పెట్టిన గ్లాసు అంత చిన్నదిగా, పూటకోసారి వస్తుందని నాకు తట్టలేదు. తట్టించిన మనిషి ఏ ఆదివారమూ మా చర్చి గడప తొక్కలేదు.

మరుసటి ఎండాకాలానికి పద్మ స్లైడ్‌లో ఎర్ర పుల్ల ఒక్కటి లేదు. ఐదు కిలోలు పెరిగింది. పిల్లవాడు మా గదిలో డబ్బీలన్నీ దొర్లించేంత ఆరోగ్యంగా ఉన్నాడు.

చివరి రోజు జమ్ములమ్మ కోడలి వెనకే నిలబడి ఉంది. "సారు, మరి నాకు తగ్గినట్టా లేదా?"

"నీకు రోగమే లేదు గద పెద్దమ్మా!"

"లేని రోగమే పోతలేదు సారు. నువ్ చెప్తే ఊరు ఇంటది."

మూడో రోజు ఆ ఊరు వెళ్లాను. పెద్దకొడుకు, అతని భార్య, అరుగుల మీద వాళ్లు అందరూ చూస్తుండగా కొట్టం ముందు కూర్చుని, దాహమేస్తుందన్నాను. పెద్దకోడలు లోపలి నుంచి మెరిసే గ్లాసు తెచ్చింది. వద్దని, జమ్ములమ్మ గ్లాసులో ఇమ్మన్నాను. గోడ మేకుకు వేలాడుతున్న స్టీలు గ్లాసు, అంచు సొట్టపోయింది. జమ్ములమ్మ దాన్ని కుండలో ముంచి ఇచ్చింది. చుక్క మిగలకుండా తాగాను. కాసేపటికి పెద్దకొడుకు లేచి, ఆ గ్లాసు నా చేతిలోంచి తీసుకుని, లోపలి గ్లాసుల వరసలో పెట్టి వచ్చాడు.

ప్రభువు బల్ల దగ్గర అందరం తాగే ద్రాక్షరసం గిన్నె అందుకున్న ప్రతిసారీ నా వేలు దాని అంచున సొట్ట కోసం వెతుకుతుంది. దాని మీద చర్చిలో పాఠం మాత్రం ఇంతవరకు చెప్పలేదు.