తాంబాళంలో మంజుల సీసా

మా చిన్నప్పుడు ఆదివారం పొద్దున్నే ముందుగది అద్దాల అల్మారా తలుపులు తెరిచేవాళ్లం... లోపల పెద్ద ఇత్తడి తాంబాళం, అందులో ఎర్ర మఖ్మల్ గుడ్డ, దాని మీద నానమ్మ అపురూపంగా దాచుకున్న చిన్న చిన్న వస్తువులు. గాజు చిలుక, గవ్వలు, రాతి నంది, తాతయ్య జేబు గడియారం... మొయినాబాద్ పక్కన మా ఊళ్లో, మా ఇంటికి ఎవరొచ్చినా ముందు దాన్నే చూసేవారు.

ఆ తాంబాళం తోమే పని నాది. నాకేమో ఒళ్లు వంగదు.

మా పొలంలో కూలికి వచ్చే ఆమె కూతురు మంజుల, నా క్లాసే. ఎక్కడో ఫామ్‌హౌస్ పునాది తవ్వుతుంటే వాళ్ల నాన్నకు బొటనవేలంత ఆకుపచ్చ అత్తరు సీసా దొరికింది. అది తెచ్చి, మీ తాంబాళంలో పెడతావా అని అడిగింది. పెడతాను గానీ ప్రతి ఆదివారం నువ్వే తోమాలన్నాను. ఎంత సంబరపడిందో...

చింతపండు, బూడిద వేసి మోచేతుల దాకా నల్లగా అయ్యేలా తోమేది. అన్నీ సర్ది, చివర్లో నంది పక్కన తన సీసా పెట్టుకునేది. కాసేపు చూసుకుని వెళ్లిపోయేది.

ఆమె గడప దాటగానే నేను సీసా తీసి కింది అరలో పాత బట్టల కింద పడేసేదాన్ని. మళ్లీ ఆదివారం ఆమె వచ్చేలోపు తీసి నంది పక్కన పెట్టేదాన్ని. ఎవరూ చెప్పలేదు నాకు... నానమ్మ కూడా ఏమీ అనలేదు. కూలోళ్ల సీసా మా నంది పక్కన ఉండడం నాకే నచ్చలేదు. తోమే చేతులు మాత్రం కావాలి.

ఆ ఏడు దసరా ఆదివారం నాడు పడలేదు, సీసా కింది అరలోనే ఉంది. నానమ్మ చేతిలో జమ్మి ఆకు పెట్టి దండం పెట్టడానికి మంజుల వాళ్లమ్మ వచ్చింది. వెంట మంజుల, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు. మా బిడ్డ సీసా పటేలమ్మ ఇంట్లో ఉన్నదని పొలంలో అందరికీ చెప్పుకుందట పాపం.

అల్మారా అద్దంలోంచి వెతికి వెతికి నన్ను అడిగింది.

"మా మంజుల సీసా ఏది, సరితమ్మా?"

"ఏం సీసా? ఈడ ఎప్పుడు లేకుండె."

తడబడలేదు కూడా నేను. అబద్ధాలు నేర్చినందుకు వాళ్లమ్మ అందరి ముందూ మంజుల చెంప పగలగొట్టింది. మంజుల నావైపు చూసింది. నేను నానమ్మ కొంగు పట్టుకుని నిలబడ్డాను.

ఇక మంజుల రాదనుకున్నాను... ఆదివారం వచ్చింది. ఎప్పటిలాగే తోమింది. అన్నీ సర్దాక మెల్లగా అడిగింది.

"పండుగకు మీ నానమ్మోళ్లు తీసిండ్రేమో గని... ఇయ్యాల పెడ్తవా?"

అరలోంచి తీసి ఇచ్చాను. మురిసిపోతూ పెట్టుకుంది.

ఆమె వెళ్లాక మళ్లీ తీసేశాను.

ఇప్పుడు గండిపేటలో మా ఫ్లాట్ హాల్లోనూ ఒక చెక్క ట్రే ఉంది. రంగురాళ్లు, కొవ్వొత్తులు, అన్నీ ఆన్‌లైన్‌లో కొన్నవే... ఇది కూడా పెడతావా అని అడుగుతూ గుమ్మంలో నిలబడేవాళ్లు ఎవరూ లేరు. ఉంటే ఈసారి ఉంచుతానా అంటే... సిగ్గు విడిచి చెప్తున్నాను, నాకు తెలియదు.

మీ ఇళ్లల్లోనూ ఇలాంటి తాంబాళం ఉండేదా? అందులో ఏమేం పెట్టారో రాయండి... ఎవరిది తీసేశారో కూడా రాయండి.