ఎండు బావి దగ్గర భోజనం

బోరు వేస్తుంటే ముందు పొడి దుమ్ము లేస్తుంది. దానిది సున్నం లాంటి ఘాటు వాసన. లోపల ఎక్కడో చెమ్మ తగలగానే ఆ వాసన మారిపోతుంది, తొలకరికి తడిసిన బండ వాసన వస్తుంది. ఏళ్ల తరబడి ఒమన్‌లో బోర్లు వేస్తున్నా, ఆ వాసనకు నా ప్రాణం ఇప్పటికీ లేచివస్తుంది. నిన్న ఖబూరాలో ఒక నిమ్మతోటలో అది తగలగానే బహ్లా ఊరి హమూద్ చాచా గుర్తొచ్చాడు. నవ్వు కూడా వచ్చింది. ఎందుకంటే ఆయన దగ్గర నేను నేర్చుకున్నది నీళ్లు పడిన రోజు సంగతి కాదు.

నాది జగిత్యాల పక్క పల్లె. అప్పుడే కంపెనీ కొత్తగా ఒక బోరు బండిని నా చేతిలో పెట్టింది. మొదటి డ్యూటీ చాచా ఖర్జూరపు తోటలో. కొండ కింది నుంచి వచ్చి ఊరంతా పంచుకునే కాలువ నీళ్లు ఏటేటా తగ్గిపోతున్నాయి. బోరు పడకపోతే తోట అమ్మేసి దుకాణాలు కట్టిద్దామని ఆయన పెద్దకొడుకు సయీద్ పట్టుబట్టి కూర్చున్నాడు. ఆ చెట్లన్నీ చాచా తన చేతులతో నాటుకున్నవి. ఆ సంగతి తెలిశాక నాకు ముద్ద దిగలేదు.

పైగా ఆయన కుర్చీ తెచ్చుకుని సరిగ్గా మిషన్ పక్కనే కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండింది. "అర్బాబ్, దుమ్ము పడుతుంది, దూరంగా కూర్చోండి" అన్నాను. ఇక్కడ యజమానిని అలాగే పిలుస్తాం. ఆయన తల అడ్డంగా ఊపాడు. "అర్బాబ్ అనకు. నేనూ నీలాగే డ్యూటీ చేసినవాణ్ణే. నీకు దుమ్ము, మాకు బురద. అంతే తేడా." ఆయనది అరబ్బీ కలిసిన హిందీ, నాది తెలంగాణ కలిసిన హిందీ. అయినా మాకు మాట ఆగేది కాదు.

ఈ దేశంలో తొలిరోజుల్లో చమురు కోసం తవ్విన బావి దగ్గర చాచా కుర్రతనంలో పనిచేశాడట, ఫహూద్ ఎడారిలో. మిషన్ ముక్కలుగా ఓడలో వచ్చిందట. దాన్ని సముద్రం ఒడ్డున దించుకుని, లారీలు ఇసుకలో కూరుకుపోతుంటే తోసుకుంటూ తీసుకెళ్లారట. ఈయన పని బురద కలపడం. దాన్ని పైపులోంచి కిందికి పంపితే రాతిని తొలిచే బిట్టును చల్లబరిచి, రాతి పొడిని పైకి మోసుకొస్తుంది. ఆ పొడిని ఇంజనీరు రోజూ భూతద్దంలో చూసేవాడు.

"అక్కడి కొండ వాలు చూసి నూనె ఖాయమన్నారు. తెల్లవాళ్లు నమ్మారు, మేం నమ్మాం. మా ఒంటెలు కూడా నమ్మాయి."

"పడిందా చాచా?"

"ఎక్కడ పడింది? ఎండు బావి" అన్నాడు, చాయ్‌లో పంచదార తక్కువైందన్నంత తేలిగ్గా.

మా బోరు కూడా అంతే అయింది. ఎంత లోతుకు దింపినా దుమ్మే. నా తోటి పనివాడు మల్లేశం గుసగుసగా అన్నాడు. "అన్నా, జల్ది బండి మలుపు. ముసలాయన నమాజు చేసుకొని వచ్చేసరికి మనం రోడ్డెక్కాలె." మా వైపు బోరు బండ్ల పద్ధతే అది. నీళ్లు పడితే కొబ్బరికాయ, పడకపోతే రైతు మొహం చూడకుండా జారుకోవడం. మా నాన్న చేలో బోరు ఎండిపోయిన రోజున కూడా బండి అలాగే వెళ్లిపోయింది. నాన్న గట్టు మీద ఒక్కడే మిగిలాడు. అదంతా దూరం నుంచి చూసినవాణ్ణే అయినా, నేనూ గబగబా పైపులు ఎత్తించాను.

గేటు దగ్గర చాచా అడ్డం నిలబడ్డాడు. "తినకుండా ఎక్కడికి?"

పొద్దుటి నుంచి ఇంట్లో మేకమాంసం, అన్నం వండుతున్నారట. "నీళ్లు పడలేదు చాచా" అన్నాను, నేల చూస్తూ.

"చూశాను. అన్నం నీళ్ల కోసం వండలేదు, మీ కోసం వండాం."

చెట్ల కింద చాప పరిచి, ఒకే పళ్లెం చుట్టూ మమ్మల్ని కూర్చోబెట్టాడు. సయీద్‌ను కూడా పిలిచి నా పక్కనే కూర్చోమన్నాడు. ఫహూద్ బావి మూసిన రోజున చాచా వాళ్ల నాన్న ఇంజనీర్లనూ కూలీలనూ ఇలాగే కూర్చోబెట్టి తినిపించాడట. ఆ చమురు కంపెనీలో వాటాదారులు కొందరు విసిగి వెళ్లిపోయారట. కొన్నేళ్లకు, ఆ ఎండు బావి నుంచి నడిచిపోయేంత దూరంలోనే, ఇంకో బావిలో నూనె పడిందట. "మళ్లీ పనికి పిలిస్తే సిగ్గు లేకుండా వెళ్లాను. మొహం చాటేసి పోయినవాణ్ణి కాదు కదా" అన్నాడు. సయీద్ చేతులు కడుక్కుంటూ, తోటలో ఇంకో మూల ఏదైనా ఆశ ఉందా అని నన్నే అడిగాడు.

చలికాలంలో మళ్లీ పిలిచారు. ఈసారి నీళ్లు పడ్డాయి, ఉప్పగా. చాచా దోసిట పట్టి తాగి ఉమ్మేసి, పగలబడి నవ్వాడు. "నాకు పనికిరావు. ఖర్జూరానికి ఉప్పునీళ్లూ చాలు." ఆయన పోయి కొన్నేళ్లయింది. తోట ఉంది, సయీదే చూసుకుంటున్నాడు.

ఇప్పుడు నా బండి ఏ ఎండు బోరు దగ్గరి నుంచీ చెప్పకుండా కదలదు. మా వైపు మైలారం నుంచి వచ్చిన కొత్త పనివాళ్లు నన్ను చూసి నవ్వుకుంటారు, నవ్వుకోనీ. ఆమధ్య ఫోన్లో నాన్నకు చాచా సంగతి చెప్పి, మనసులో ఎప్పటి నుంచో ఉన్నది అడిగేశాను. "ఆ దినం బోరోళ్లు ఆగి ఉంటే ఏం చేసేటోనివి నాయినా?"

"ఏం చేస్తం బిడ్డా," అన్నాడు నాన్న. " మీ అమ్మ వాళ్లందరికీ కోడికూర వండింది. అన్నం గంప నెత్తిన పెట్టుకొని చేను కాడికొచ్చేసరికి బండి పోయింది."