బడి వెనక మా బాపు బావి

మా చిన్నప్పుడు... పొద్దు నడినెత్తికి రాగానే మా అమ్మ నా నెత్తిన సద్దిగంప పెట్టేది. జొన్నరొట్టెలు, పచ్చిపులుసు, ఒక ఉల్లిగడ్డ... చెప్పుల్లేని కాళ్ళతో గట్ల మీద గడ్డి ఎక్కడుందో చూసుకుంటూ బావి దగ్గరికి పోయేదాన్ని.

పెద్ద బావి. గోడలోంచి రాతిమెట్లు పొడుచుకొచ్చి ఉండేవి. మా బాపు వాటి మీద దిగి దోసిళ్ళతో నీళ్ళు తాగి, మొహం కడుక్కుని పైకొచ్చేవాడు.

"ఏమే, తొవ్వలనే అన్ని రొట్టెలు తిన్నవా, నాకేమన్న మిగిల్చినవా?" అని రోజూ అదే మాట. రోజూ నవ్వేదాన్ని.

ఎంత ఎండాకాలమైనా ఆ బావి ఎండటం నేను చూడలేదు...

నన్ను ఊళ్ళోనే ఇచ్చారు. బాపు పోయాక, ఎయిర్‌పోర్టు వచ్చాక, శంషాబాద్ చుట్టుపక్కల చేలన్నీ ప్లాట్లయ్యాయి. మా అన్న కూడా అమ్మేశాడు. టిప్పర్లతో మట్టి తెచ్చి బావిని పూడ్చారు. గట్లు చదును చేశారు. పక్క చేలవాళ్ళు అమ్ముకుని ఎటో పోయారు.

నాకొక్కతే బిడ్డ... అఖిల. ఊళ్ళోనే సర్కారు బడిలో తొమ్మిది చదివేది. ఎండాకాలం వస్తే ఆ బడి బోరు ఆగిపోయేది. బాత్రూముల్లో నీళ్ళుండవని ఆడపిల్లలు పొద్దంతా గుక్కెడు నీళ్ళు తాగకుండా కూర్చునేవాళ్ళు. మా బిడ్డకు అది నచ్చలేదు.

నలుగురు పిల్లల్ని వెంటేసుకుని ఇల్లిల్లూ తిరిగింది. "మీ చిన్నప్పుడు నీళ్ళెక్కడివి? ఎంత లోతు?" అని ముసలివాళ్ళని అడిగి నోట్‌బుక్కులో రాసుకునేది. మిగిలిన బావుల్లో తాడుకు రాయి కట్టి వదిలి లోతు కొలిచేది. బడి వెనక పూడ్చిన మా బాపు బావి దొరికితే మట్టి తీయించి, బడి కప్పు మీద పడే వాననీళ్ళు అందులోకి వదలాలని, అప్పుడు బోరు మళ్ళీ పోస్తుందని దాని ఆలోచన. వాళ్ళ సారు కూడా, "బావి ఎక్కడుందో చూపియ్యండి, ప్లాటు ఖాళీగానే ఉన్నది కదా, కొన్నాయనతో నేను మాట్లాడుత" అన్నాడట.

ఊళ్ళో అడిగితే తలా ఒక చోటు చూపించారు. రెండు చోట్ల తవ్వి చూశారు... రాయే తగిలింది.

"అమ్మా, మామ యాది లేదంటుండు, బడి ఎనక మీ బాపు బాయి ఎక్కడుండె?"

"నాకేం యాదికున్నది బిడ్డా..."

"రోజూ సద్దిగంప మోసినవంట గదా! ఎట్ల మర్చిపోతవే?"

"అయిదో తరగతి చదివినదాన్ని నన్నడిగితే ఏమొస్తది? మీ సారునడుగు పో."

"సారుది నల్లగొండ అమ్మా, ఆయనకేమెరుక మన బాయి!"

నవ్వాను... కానీ చెప్పలేదు. కళ్ళు మూసుకుని నడిచినా పోగలను నేను అక్కడికి.

ఎందుకంటే అంతకు ముందు రోజే మా అన్న వచ్చి వాకిట్లో నిలబడి చెప్పిపోయాడు.

"పూడ్చిన బాయి మీద ప్లాటు అమ్మిన్నని తెలిస్తే కొన్నోడు నా గల్ల పట్టి పైసలు వాపస్ అడుగుతడు. నీ బిడ్డకు చెప్పకు చెల్లె... ఇగ నీ ఇష్టం."

నా మొగుడు పోయినప్పుడు నాకు అండగా నిలబడింది ఆ అన్నే. బిడ్డకు అబద్ధం చెబితే ఏం పోతుందిలే అనుకున్నాను. చిన్నపిల్ల, రెండు రోజులైతే మర్చిపోతుందనుకున్నాను...

అది మర్చిపోలేదు. బడిలో మీటింగు పెట్టి, ఊరివాళ్ళని పిలిచి, తాను కొలిచిన లోతులన్నీ బోర్డు మీద గీసి చెప్పిందట. "ఒక్కసారి రావే అమ్మా" అని ఎంత బతిమాలిందో. ఎయిర్‌పోర్టులో ఊడ్చే డ్యూటీ ఉందని పోలేదు. ఆ రోజు నాకు డ్యూటీ లేదు.

వానలు మొదలయ్యాక జ్వరం వచ్చింది. పెద్ద దవాఖానకు తీసుకుపోతుంటే ఆరాంఘర్ దగ్గర ఆటో ఆగిపోయింది. ముందు బస్సులు, వెనక లారీలు... నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. అప్పుడైనా చెప్పాల్సింది. ఒళ్ళు కాలిపోతుంటే బావి మాటేమిటి, లేచాక చెయ్యి పట్టుకుని తీసుకుపోయి చూపిస్తానులే అనుకున్నాను...

ఆరో రోజున నా బిడ్డ పోయింది.

దినాలయ్యాక దాని స్నేహితులు నోట్‌బుక్కు తెచ్చి ఇచ్చారు. ఇంటికో పేజీ. పేరు, వయసు, బావి, లోతు... గుండ్రటి అక్షరాలు. నా పేరుకు కూడా ఒక పేజీ ఉంది. మెల్లగా చదివాను.

"అమ్మకు యాది లేదట. మళ్ళా అడగాలె."

అంతే రాసి, కింద పేజీ అంతా నాకోసం ఖాళీగా వదిలిపెట్టింది.

ఆ ఏడుపు ఆగాక, అన్నకు కూడా చెప్పకుండా, ఆ పిల్లల్ని, సారుని తీసుకుని బడి వెనక్కి పోయాను. బడి గోడ మూలన ఉన్న బండ దగ్గర ఎప్పుడూ గంప దించేదాన్ని. అక్కడి నుంచి తిన్నగా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాను. ఇప్పుడక్కడ గేటు అడ్డమొచ్చింది. ప్లాటు కొన్నాయన ఇల్లు కడుతూ ఈ మధ్యనే స్లాబు పోశాడు. నేను చూపించిన చోట పిల్లరు నిలబడి ఉంది.

సారు ఆ పిల్లరు మీద చెయ్యి పెట్టాడు. "జర ముందు చెప్తే పని అయిపోతుండె గదమ్మా..." అని మెల్లగా అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

ఈ ఎండాకాలం కూడా బడి బోరు ఆగిపోయింది. పిల్లలు నీళ్ళు తాగకుండానే కూర్చుంటున్నారు.

నా రాతలో తప్పులుంటే ఏమీ అనుకోకండి. మీ ఊళ్ళలో కూడా ఇట్లా పూడ్చిన బావులు ఉండే ఉంటాయి... ఎక్కడున్నాయో మీకు తెలిసే ఉంటుంది. ఇక్కడ కింద రాయండి, నేను చదువుకుంటాను. కానీ ముందు మీ ఇంట్లో పిల్లలకు చెప్పండి... వాళ్ళు ఇంకా అడుగుతున్నప్పుడే.