పోగు తెగిన చోటు

మా గురువుగారి కృతులు పాడని సభ లేదు. ఆయన వేరుశనగకాయలు వలిచి పొట్టంతా జేబులో దాచుకునేవారని మాత్రం ఎవరికీ తెలియదు. కాకి శ్రుతి తప్పిందని దానికి సరిచేసి వినిపించేవారు. "పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట" అని వాళ్ల వంటింట్లో గొణుక్కునేదాన్ని. నేను వనపర్తిలో బడి పంతులమ్మను. ప్రతి ఆదివారం బస్సెక్కి గద్వాల వెళ్లి, ఆయన కట్టిన పాటకు స్వరం రాసిపెట్టేదాన్ని. ఆయన తన చేత్తో ఒక్క అక్షరం రాసేవారు కాదు.

అమావాస్య నాడు పాటకు నోరు విప్పేవారు కాదు. భక్తి అనుకున్నాను. పాడేటప్పుడు ఎడమ అరచేయి గోడకు ఆనించేవారు. ముసలితనం కదా, ఆసరా కోసమనుకున్నాను. గోడకు అవతల ఒకావిడ చీరలు నేసేది. ఎండ మండే మధ్యాహ్నాల్లో ఆ మగ్గం చప్పుడు వింటూ నేను సగం నిద్రలో, సగం రాగంలో ఉండేదాన్ని. ఏ స్వరం కలలో విన్నానో, ఏది నిజంగా పాడారో తెలిసేది కాదు.

నిరుడు వేసవిలో ఆయన జ్ఞాపకం పలచబడింది. పొద్దున కట్టిన చరణం సాయంత్రానికి ఉండేది కాదు. ఒకరోజు, కొత్త కృతికి చరణం కుదిరింది రమ్మని కబురు చేశారు. ఆ పూట పట్టుకోకపోతే ఇక పోయినట్టే. సెల్‌ఫోన్‌లో రికార్డు చేద్దామని, చప్పుడు పడకూడదని, ముందుగా పక్కింటికి వెళ్లి మగ్గం ఆపమని చెప్పి వచ్చాను. అతి తెలివి నాకు పుట్టుకతో వచ్చింది.

ఆయన గోడకు చేయి ఆనించారు. పెదవులు కదిలాయి, పాట రాలేదు. ఎండ గడప దాటి చాప మీదికి వచ్చింది. చరణం మరిచిపోయారని నాకు ఏడుపొచ్చింది.

"ఏంది బిడ్డా, ఇయ్యాల అమాసనా?" అన్నారు.

అమావాస్యకు నేతవాళ్లు మగ్గం ముట్టరు. అన్నేళ్లు పక్కనే కూర్చున్నాను, ఈ చిన్న సంగతి నాకు తట్టలేదు. పక్కింటికి పరుగెత్తాను.

"మీరే గద అక్కా ఆపమంటిరి," అని నవ్వి ఆవిడ మళ్లీ మగ్గం గుంటలోకి దిగింది.

ఆయన పాడారు. చరణం నడుమ మగ్గం ఠక్కున ఆగింది. ఆయనా మాట సగంలో ఆగారు. కళ్లు మూసుకుని, గోడ మీద చేయి తీయకుండా అట్లాగే ఉన్నారు. మగ్గం కదిలాక ఆ సగం మాట నుంచే అందుకున్నారు. వానాకాలం పోకముందే ఆయన పోయారు. నేను ఆ ఆగిన జాగాను ఆగినట్టే రాశాను.

ఇప్పుడు ఆ కృతి పాడేవాళ్లందరూ అక్కడ ఆగుతున్నారు. మొన్న ఒక పెద్దాయన అది పరమాత్మ ముందు మౌనమని సభలో గంట సేపు చెప్పాడు. నవ్వాపుకోలేక లేచి వచ్చేశాను. గద్వాల వెళ్లి నేతావిడ మగ్గం పక్కన కూర్చుని ఆనాటి రికార్డు వినిపించాను.

"ఆగక్కా, ఈడనే నా పోగు తెగింది," అంది చేయి ఆపి. "నేను ముడేసేదాంక సారు ఆగిండా?"

అవునన్నాను.

"నాకెరుకైతే జర జల్ది ముడేస్తుంటి గద."

ఆమె తిరిగి నేత మొదలుపెట్టింది. గోడకు అటువైపు ఎవరూ లేరు. గురువుగారు పోయారని నాకు నిజంగా తెలిసింది అప్పుడే.