పక్కింటక్కకు పెట్టిన వాతలు

నా చిన్నప్పుడు పాలకుర్తి కాడి మా ఊళ్లె ఎవరికి మనసు బాగలేకున్నా గాలి సోకిందనేటోళ్లు, కొడవలి కాల్చి వాత పెట్టేటోళ్లు. గది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతది.

మా పక్కింటి అక్కకు పదహారేండ్లుంటయి. తల్లి పోతే మేనమామ ఇంట్ల పెరిగింది. పొద్దున నన్ను ముందట కూసోబెట్టుకొని జడ వేసుకుంట, నువ్వు లేకుంటే నేను బతుకనే అనేది. మాపటికి నేను వేరే పిల్లలతోని ఆడుకుంటే చాలు, నా మొకం చూసేది కాదు, ఇంట్లకు పోయి బ్లేడుతోని చెయ్యి కోసుకునేది. ఊరంత నాటకాలన్నది. నేనూ అన్న. అప్పటికే రెండు వాతలు పెట్టిండ్రు. మూడోది పెట్టేనాడు అక్క కదలకుంట కాళ్లు పట్టుకొమ్మంటే పట్టుకున్న. తొమ్మిదేండ్ల పిల్లను, నాకేం తెలుసు అనుకుంట గని, సిగ్గు పోదు.

పొయ్యిల కొడవలి ఎర్రగైనంక వచ్చింది మా నాయనమ్మ. ఊళ్లె కాన్పులు చేసే మనిషి, ఆమె మాటంటే అందరికీ భయం. "ఇది బాలింత దయ్యం, మంది ఉంటే దిగదు. అందరు వాకిట్లకు నడువుండ్రి" అని తలుపేసింది. మూలకు నక్కిన నన్ను చూడలేదు. మంత్రం లేదు, వేపమండ లేదు. అక్క తలకు ఆముదం రాసుకుంట కూసున్నది, అంతే. చానాసేపటికి అక్కనే చెప్పింది. ఐదేండ్లప్పటి నుంచి మేనమామ ఆమెను వడ్లు పోసే గుమ్మిల దించి మూత పెట్టేటోడట. ఏడ్చినా పెట్టేటోడు, నవ్వినా పెట్టేటోడు. ఎప్పుడు తీస్తడో తెల్వదట.

"ఎవరన్న జర దూరం పోతే మళ్ల మూత పడ్డట్టే ఉంటదవ్వా" అన్నది.

నాయనమ్మ తలుపు తీసి మేనమామ దిక్కు చెయ్యి చూపింది. "దయ్యం దొరికింది. పిల్లల లేదు, గీడ నిలవడ్డది. పొయ్యిల కొడవలి ఇంక చల్లారలే, చెప్పుండ్రి, ఎవరికి పెడదాం?" వాడు కండువ దులుపుకొని పోయిండు. పిల్లకు వాత పెట్ట వచ్చిన పెద్దమనుషులల్ల వాణ్ణి ఒక్క మాట అడిగినోడు లేడు.

ఆ దినం నుంచి అక్క మా ఇంట్లనే ఉన్నది. అక్క కోపం ఒక్కనాటితోని పోలే, ఏండ్లు పట్టింది. నాయనమ్మ మీదికే చెంబు విసిరేది. నాయనమ్మ చెంబు తీసి పక్కన పెట్టి, నేను యాడికీ పోతలేను బిడ్డా అనేది.

మొన్న మా తమ్ముని మనుమరాలు గూడ గట్లనే చెయ్యి కోసుకున్నది. హన్మకొండ దవాఖానల డాక్టరమ్మ, ఇది బార్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్, దగ్గరోళ్లు విడిచిపోతరన్న భయంతోని మనసు నిలకడ తప్పే జబ్బు అన్నది. అందరికీ కాదు గని, చిన్నతనంల దెబ్బలు తిన్నోళ్లల్ల, దగ్గరికి తీసేటోళ్లు లేనోళ్లల్ల ఎక్కువ కనవడుతదట. కూసోబెట్టి మాట్లాడుకుంట చేసే వైద్యం ఉన్నదట. తండ్రి బెల్టుతోని కొట్టే సంగతి గూడ పిల్ల ఆమెకు చెప్పుకున్నది. ఇంటికి రాంగనే చుట్టాలది మళ్ల గదే పాట, పిల్ల మొండిదట, నాటకాలట. చదువుకున్నోళ్లు, నౌకర్లు చేసేటోళ్లు!

అందుకే ఎవరన్న ఒక పిల్ల మంచిది కాదంటే నేను ముందుగాల ఆ ఇంట్ల పెద్దోళ్లను చూస్త. ఆ పిల్ల తండ్రిని, మా తమ్ముని కొడుకును, అందరి ముందటనే అడిగిన, చిన్నపిల్లను ఏం చేసినవురా అని. ఇంక మా గడప తొక్కకు అన్నడు. నేను తొక్కుతనే ఉన్న. ప్రతి మంగళవారం పోయి, పిల్లను దవాఖానకు నేనే తోలుకపోతున్న.