ఆపరేషన్‌కు మూడు రోజుల ముందు నాయనతో నంద్యాలకు

మా నాయనకు అరవై తొమ్మిదేళ్లు. ఆళ్లగడ్డ పక్కన ఆరెకరాల నల్లరేగడిలో శనగ పండిస్తాడు. మూత్రానికి పదేపదే లేస్తున్నాడని ఒక ఆసుపత్రిలో పరీక్షలు చేయిస్తే ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలింది. గ్రంథి తీసేయాలని చెప్పి, అక్కడి డాక్టరు రెండు వారాల తర్వాతి సోమవారానికి ఆపరేషన్ ఖాయం చేశారు. నాయన ఒక్క మాటైనా అడగకుండా సంతకం పెట్టాడు. ఇంటికొచ్చాక మాత్రం విత్తనాల మూటల పక్కన కూర్చుని, అన్నానికి పిలిచినా లేవలేదు. ఇంకో డాక్టరు మాట కూడా విందామని నేను పట్టుబట్టాను. ముక్క పరీక్ష (బయాప్సీ) స్లైడ్లు ఆ ఆసుపత్రిలో అడిగి తీసుకుని, వారం ముందే నంద్యాల ఆసుపత్రిలో ఇచ్చివచ్చాను. నేను ఆళ్లగడ్డలోనే టీచరును. శుక్రవారానికి సెలవు పెట్టాను.

పొద్దున ఏడింటికి బస్సు ఎక్కాం. ఆడవాళ్లకు టికెట్టు లేదు కాబట్టి నాకు ఉచితం, నాయనకు వయసు రాయితీ పోను యాభై చిల్లర. దారి గంటకు పైనే. అంతసేపు ఆపుకోవడం ఆయనకు కష్టం. డ్రైవరుకు మెల్లగా చెప్పాను.

"దానికేముందిమా! మా నాయనకూ ఇదే బాధ. ముందు సీట్లో కూసోబెట్టు, శిరివెళ్ల కాడ ఆపుతా," అన్నాడు.

అన్నట్టే ఆపాడు. నాయన దిగడానికి మొహమాటపడుతుంటే, "రా పెద్దాయనా, నేనూ పోవల్ల," అంటూ తనే ముందు దిగాడు. ఇద్దరూ మాట్లాడుకుంటూ వెళ్లి వచ్చారు. బస్సులో ఎవరూ పట్టించుకోలేదు.

నంద్యాల బస్టాండు నుంచి ఆటోకు అరవై, ఆసుపత్రిలో చీటీకి ఐదు వందలు. పదకొండింటికి పిలిచారు. ఆ డాక్టరు పెద్దవయసాయన. ఏమడిగినా నాయన "బాగానే ఉండాది సార్" అనే అంటున్నాడు. నా ముందు చెప్పలేకపోతున్నాడని అప్పటికి గాని నాకు తట్టలేదు. నీళ్లు తెస్తానని బయటికొచ్చేశాను. పావుగంట తర్వాత వెళ్లేసరికి, నాయన కుర్చీ ముందుకు జరుపుకుని చేతులూపుతూ మాట్లాడుతున్నాడు.

డాక్టరు నన్నూ కూర్చోమన్నారు. "ముక్క పరీక్ష స్లైడ్లు మావాళ్లు మళ్లీ చూశారమ్మా. క్యాన్సర్ ఉన్న మాట నిజమే. అయితే చాలా చిన్నది, నెమ్మదిగా పెరిగే రకం. స్కానింగులో కూడా బయటికి పాకినట్టు లేదు. ఆపరేషన్ చేయించుకోవడం ఒక దారి, వాళ్లు చెప్పింది తప్పు కాదు. ఇప్పుడే కోయకుండా గమనిస్తూ ఉండటం ఇంకో దారి. ఆరు నెలలకోసారి రక్తపరీక్ష, ఏడాదికి మళ్లీ ముక్క పరీక్ష. పెరుగుతున్నట్టు కనిపిస్తే అప్పుడు వైద్యం మొదలుపెడదాం. పరీక్షలు మాత్రం మానకూడదు."

"మానను సార్. అట్లయితే శనగ ఇత్తుకోవచ్చునా?" అన్నాడు నాయన.

డాక్టరు నవ్వి, మూత్రం ఇబ్బందికి మాత్రలు రాస్తూ, "నిక్షేపంగా విత్తుకోండి," అన్నారు.

బస్టాండు దగ్గర ఒక చిన్న హోటల్లో భోజనానికి కూర్చున్నాం. జొన్నరొట్టె, పప్పు, వంకాయ కూర, మనిషికి ఎనభై. రొట్టెలు కాలుస్తున్న ఆమె నాయన పళ్లెం చూసి, "ఇంగోటి ఎయ్యమంటావా పెద్దాయనా?" అంది.

"రెండెయ్యి," అన్నాడు. ఆ రెండూ తిన్నాక నా వైపు చూడకుండా చెప్పాడు: "ఆపరేషనైతే బట్టలు తడుపుకుంటానేమోనని బయం పాపా. నలుగురిలో యాడ కూసుంటా? నీ ముందర అడగలేకపోతి."

"ఇప్పుడు చెప్పినావు గదా నాయనా."

"ఆ సోమవారం మాట, ఆ ఆసుపత్రోళ్లకు ఫోన్ చేసి వద్దని చెప్పు."

అక్కడి నుంచే ఫోన్ చేశాను. అవసరమైతే మళ్లీ రమ్మని వాళ్లు మర్యాదగానే చెప్పారు. మూడింటి బస్సులో నాయన సీటు ఆనుకుని హాయిగా నిద్రపోయాడు.

మొన్ననే ఆరు నెలల పరీక్షకు వెళ్లొచ్చాం. రక్తపరీక్షలో అంకె పెరగలేదు. రేపు పెరగవచ్చు, ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. అయినా ఇప్పుడు నాయన తన జబ్బు గురించి నాతో మామూలుగా మాట్లాడుతున్నాడు. తర్వాతి పరీక్ష తారీఖు ఈసారి తనే అడిగి, కేలండర్ మీద రాసుకున్నాడు.

ఇలా రెండో డాక్టరు దగ్గరికి వెళ్లాలనుకునేవాళ్లు మొదటి ఆసుపత్రి నుంచి రిపోర్టు ఒక్కటే తెచ్చుకుంటే చాలదు, ముక్క పరీక్ష గాజు స్లైడ్లు కూడా అడిగి తీసుకోండి. వాటిని మళ్లీ చూడటానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి, వారం ముందే రెండో ఆసుపత్రిలో ఇచ్చిరండి.